ఆవిడ ఇంటికి వచ్చే అధ్యాయం

మా పక్కింటి డాక్టరాంటీ పోయారని ఒక మంగళవారం పొద్దున, నేవన్ ఊళ్లో ఉండే ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఇంట్లోంచే ఆఫీసు వీడియో మీటింగులో ఉన్నాను. కెమెరా ఆపేసి వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. ఐర్లండ్‌లోని ఈ కార్క్‌లో ఆమెతో నాకు పదకొండేళ్ల పరిచయం. సొంత పిన్నితో కూడా అంత పోట్లాడలేదు.

మా పోట్లాటంతా ఒక జపాను నవల మీద. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, దాని ఇంగ్లిషు అనువాదం పాత సామాన్లమ్మే ఛారిటీ షాపులో ఆమె కంటపడింది. పెళ్లయి ఇరవై ఏళ్లయిన ఇల్లాలు ఓ ఉదయం, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే ఇల్లు వదిలి వెళ్లిపోయే కథ. తెలుగు చెయ్యాల్సిందేనని పట్టుబట్టారు. ఆదివారాలు ఆమె చెప్తుంటే నేను టైపు చేసేదాన్ని, ఎందుకంటే ఆమె చేతిరాత మందుల షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. తప్పు కొడితే నెత్తిన మొట్టేవారు. పని అయ్యాక ఉప్మా పెట్టేవారు. పూర్తయిన కాగితాలు వంటింటి అలమరలో, కందిపప్పు డబ్బా పక్కన దాచారు. ఇక్కడ అలమరాని ప్రెస్ అంటారు. పుస్తకం ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే, ఎప్పుడో ప్రెస్సుకెళ్లిందని చెప్పి నవ్వేవారు.

ఆ పుస్తకం చివర అనువాదకుడు ఒక సంగతి రాశాడు. నవల మొదట దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో ఆ ఇల్లాలు తిరిగి రాదు. ఆమెను ఇంటికి తీసుకురమ్మని పాఠకులు గుట్టలుగా ఉత్తరాలు రాశారట. పుస్తకంగా వేసేటప్పుడు రచయిత్రి ఇంకో అధ్యాయం కలిపి తీసుకొచ్చేసింది. అది చదివి ఆంటీకి ఒళ్లు మండింది. ఆ అధ్యాయం తెలుగులో ఉండదని తేల్చేశారు. ఉండాల్సిందేనని నేను.

"రోగి పాలు కోరాడని వైద్యుడూ పాలే చెప్తే ఎలాగే?" అన్నారు.

ముప్ఫై ఏళ్లు రోగుల్ని చూసిన మనిషితో వాదించి నెగ్గడం నా తరమా? పత్రికలో కథ ఆగిన చోటే మా టైపింగూ ఆగింది.

ఈ వేసవిలో ఆమెకు జబ్బు చేసింది. ఎలా ఉన్నారని ఎప్పుడడిగినా ఐరిష్ వాళ్లలాగే గ్రాండ్ అనేవారు. చివరిసారి చూసినప్పుడు మాత్రం ఆ మాట అనలేదు. తను పనిచేసిన ఆసుపత్రిలోనే, కిటికీ పక్క మంచం. ఇంటికి ఎప్పుడు పంపుతారని నర్సుని అడిగి, జవాబు వినకుండానే నా వైపు తిరిగారు.

"ఆ చివరి అధ్యాయం నువ్వు రాసెయ్యవే."

"వద్దన్నారు కదా ఆంటీ?"

"అన్నాను. ఇప్పుడు రానియ్యి పాపం, దాన్ని ఇంటికి."

నాలుగు రోజులకే ఆమె పోయారు. ఇన్నేళ్లలో మొదటిసారి మా పోట్లాటలో నేను నెగ్గాను. ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు ఆదివారాలు ఒక్కదాన్నే కూర్చుని తెలుగు చేస్తున్నాను. మాట తోచనప్పుడు, ఆంటీ అయితే ఏమనేవారో అని గోడవైపు చూస్తాను. దానికి అటువైపే ఆమె ఇల్లు. ఆ జపాను ఇల్లాలు రైలు దిగింది. వీధి మలుపు తిరిగింది. తన ఇంటి తలుపు దాకా వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది, బయట వాన. ఇంకొక్క పేరా మిగిలింది. ఆమె లోపల అడుగు పెడితే ఆంటీ పుస్తకం అయిపోతుంది. మూడు ఆదివారాలుగా ఆవిణ్ణి ఆ వానలో, గుమ్మం బయటే నిలబెట్టి ఉంచాను.