బస్సెక్కిన సముద్రపు పురుగులు

చనిపోయిన రోజు పొద్దున కృపావరం సారు చేసిన ఆఖరి పని, టీ తెచ్చిన నబీ రసూల్‌ను పురుగుతో పోల్చడం. సారు ప్రార్థనలో ఉన్నాడేమోనని నబీ తలుపు సందులోంచి తొంగిచూసి, చప్పున తల వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు గొట్టం పురుగువప్పా," అన్నాడు సారు కళ్లు తెరవకుండానే. "అది కూడా కుచ్చు బయటపెట్టి చూస్తాది. నీడ పడిందా, లోపలికి దూరిపోతాది."

టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. మధ్యాహ్నానికి లేడు.

ఇరవై రెండేళ్లు ఆయన దగ్గర ల్యాబ్ అటెండరుగా చేసి, సారు రిటైరైనాక కూడా రోజూ ఇంటికి టీ మోసిన నబీకి అది తిట్టు కాదు, పొగడ్తా కాదు. సారు కంటికి ఈ లోకంలో మనుషులు లేరు. సముద్రంలో బతికే వెంట్రుక పురుగులే ఉన్నాయి, రకరకాలుగా.

జమ్మలమడుగు వాళ్లు సముద్రం చూడాలంటే ఒక పూటంతా బస్సులో కూర్చోవాలి. ఆ ఊరి జూనియర్ కాలేజీలో సారు జువాలజీ చెప్పేవాడు. ఆ పురుగుల పాఠం ఒక్కటే ఉంటే దానికి రెండు నెలలు. మనిషి గుండెకు ఒక పూట. గుండె అందరికీ ఒకటే, వీటి బతుకులు చూడండప్పా అనేవాడు. ఒక పురుగు ఇసుక మింగి, ఆ ఇసుకనే వెనక కుప్ప పోస్తుంది. అది ఫైళ్లు చూసే ప్రిన్సిపాలు. ఒకటి దవడలు లోపల దాచుకుని ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది, మేత దగ్గరికొస్తే బయటికి విసురుతుంది. గ్లాసు పగలగొట్టినోడి కోసం కాచుకున్న క్యాంటీన్ వనజమ్మ అన్నమాట. ఇంకో రకం చంద్రుణ్ణి చూసుకుని ఏడాదికొక్కసారి గుంపులుగా పైకి తేలుతుంది. వాళ్లు పరీక్షల ముందర లైబ్రరీకొచ్చే పిల్లలు.

ఎన్నికలప్పుడు, మూడోసారి పార్టీ మారిన నాయకుడొకాయన కాలేజీకొచ్చాడు. ఇంకొకరు కట్టుకున్న గొట్టంలో చేరి, అక్కడికొచ్చే మేతే తిని బతికే పొలుసుల పురుగు ఒకటుందని, ఆయన్ను చూస్తే అది గుర్తొస్తుందని సారు చెప్పాడు. ప్రిన్సిపాలుకు చెమటలు పట్టాయి. నాయకుడు కాసేపు ఆలోచించి, ఆ గొట్టం కట్టిన పురుగు ఏమీ అనదా అని అడిగాడు. ఏమీ అనదన్నాడు సారు.

"మంచిదే అయితే," అని ఆయన టీ తాగి పోయినాడు.

ఆ ఏడే ఆదినారాయణకు కష్టమొచ్చింది. మైలవరం దిక్కు పల్లె వాడు, సారు దగ్గర ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల ఊళ్లో రెండు వర్గాలు నరుక్కున్నాయి. అవతలివాళ్లు వాని నాయన దొరక్క కొడుకు కోసం చూస్తున్నారు. పిల్లాడు హాస్టల్ గది దాటడం లేదు. ప్రాక్టికల్ పరీక్షలేమో ప్రొద్దుటూరులో, నాలుగు రోజులు, బస్సులో పోయిరావాలి. పోతే ప్రాణానికి ముప్పు. పోకుంటే చదువు పోతుంది, ఊరికి తిరిగిపోయి వాడూ కత్తి పడతాడు.

మొదటిరోజు సారు బస్టాండుకు ఒక బకెట్టుతో వచ్చాడు. నిండా తడి ఇసుక, పైన తడి గోనెపట్ట. నెల్లూరు దిక్కు నుంచి బతికున్న పురుగులు తెప్పించానని, ఎగ్జామినరుకు చూపించాలని చెప్పాడు. ఆదినారాయణను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను వాని పక్కన కూర్చుని, బకెట్టు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా వాటేసుకున్నాడు. వెనక సీట్లో కూర్చున్న నబీ వీలైనంత వెనక్కి జరిగాడు. ఇసుక బకెట్టును కుదుపు తగలకుండా ఒళ్లో పెట్టుకుని పోయేవాడు ఏం మోస్తున్నాడో కడప జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాటుబాంబులు అట్లనే పోతాయి. తెలియంది సారుకొక్కడికే అనుకున్నాడు నబీ.

రెండో స్టేజీలో ఇద్దరు ఎక్కి, నేరుగా ఆదినారాయణ సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాళ్ల చూపు పిల్లాడి మీది నుంచి బకెట్టు మీదికి, అక్కణ్ణుంచి చెమటలు కారుతున్న నబీ మొహం మీదికి పోయింది.

"దాంట్లో ఏముండాది సార్?" అన్నాడు ఒకడు మెల్లగా.

"పురుగులప్పా. ముట్టుకుంటే మంటే."

"ఎన్ని?"

"మూడు. ఒకటి శానా కోపిష్టిది. కొంచెం జరిగి నిలబడు, కుదుపు పడదు దానికి."

వాళ్లు వచ్చే స్టేజీలో దిగిపోయారు. వాళ్లతోపాటు, ప్రొద్దుటూరికి టికెట్టు తీసుకున్నోళ్లు ఇంకో పదిమంది దిగిపోయారు. డ్రైవరు ప్రతి గుంతనూ పెండ్లికూతురిని దాటించినట్టు దాటించాడు.

జనం దాన్ని బాంబనుకుంటున్నారని నబీ ఆ సాయంత్రం మొత్తుకున్నాడు. సారు తెల్లబోయాడు. "వెన్నెముక లేని దాన్ని బాంబంటే ఎట్లప్పా?" అన్నాడు. మిగతా మూడు రోజులూ బకెట్టు పోయింది, వచ్చింది. ఎగ్జామినరుకు మాత్రం చూసే తీరిక దొరకలేదట.

ఆదినారాయణ పాసై, పులివెందులలో పశువుల డాక్టరైనాడు. మా సారుకు లోకం తెలియదనడానికి నబీ ఏళ్ల తరబడి టీ అంగళ్లలో ఈ కథే చెప్పాడు.

సమాధి చేసివచ్చిన మర్నాడు, సారు భార్య ప్రేమమ్మ మనసు తేలిక చేద్దామని మళ్లీ అదే చెప్పాడు. కోపిష్టి పురుగు దగ్గరికొచ్చేసరికి ఆమె నవ్వింది.

"పురుగులు యాడివి నబీ? నెల్లూరు నుంచి ఏమీ రాలేదు. అది పెన్నలో ఇసక. పొద్దున్నే నేనే తడిపి ఇచ్చేదాన్ని."

నాకొక్క మాట చెప్పుండొచ్చు కదమ్మా అన్నాడు నబీ.

"చెబుదామంటే ఆయనే వద్దన్నాడు. నబీ మొహంలో అబద్ధం నిలబడదు, వాడు నిజంగా భయపడితేనే వాళ్లు నమ్మేది అన్నాడు."