వాకిలి లేని ఇల్లు

పాత చీరలకు స్టీలు గిన్నెలిస్తామంటూ మొన్న గిద్దలూరులో మా వీధికి బండి వచ్చింది. చీరల మూట విప్పుతుంటే మా పిన్ని గుర్తొచ్చింది. మార్కాపురంలో బీఎడ్ చదివేటప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు తోడు నిలిచే ఒక సంస్థలో పిన్ని పని. ఆసుపత్రికీ, స్టేషనుకూ, కోర్టుకూ వాళ్ళ వెంట తనే పోయేది. పొద్దున్నే ప్రార్థన చేసుకొని, చీమలకు కూడా మొహం మొత్తేంత తియ్యటి టీ తాగి, నవ్వుకుంటా బయల్దేరేది. అక్కడ విన్నవి మాత్రం ఇంట్లో ఎత్తేది కాదు. "వాళ్ళ కష్టాలు మనకు కబుర్లా?" అనేది.

ఒకసారి పుల్లలచెరువు వైపు పల్లె నుంచి ఒక పిల్ల వచ్చింది. మొగుడు గదిలో వేసి గొళ్ళెం పెట్టి కొట్టినాడు. ఆసుపత్రిలో ఆ పిల్ల చెయ్యి పట్టుకొని అంతా విన్నది పిన్నే. తర్వాత వాడు బెయిలు మీద వచ్చి, బస్టాండులో పిన్నికి ఎదురుపడినాడు. తిట్టలేదు, బెదిరించలేదు. "బాగుండావా అక్కా? మీ ఇల్లు చర్చి సందులోనే గదా" అని నవ్వి పోయినాడు.

ఆనాటి నుంచి పిన్ని పట్టపగలే గొళ్ళాలు చూసుకుంటా తిరిగేది. ఒక మధ్యాహ్నం బాబాయి చేతిలో గ్లాసు జారి పడితే, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకొని గోడకు కరుచుకుపోయింది. జన్మలో ఆమె మీద చెయ్యెత్తని మనిషి ఆయన. "నేనే గదమ్మే" అని అక్కడే నిలబడిపోయినాడు.

సంస్థలో అందరి పరిస్థితీ కొంచెం అట్లనే ఉందని మనసులోది కుట్టుపనితో బయటపెట్టించే ఒక టీచరమ్మను పిలిపించినారు. ఆమె పాత చీరముక్కలిచ్చి, విన్నవాటిల్లో మీలో మిగిలిపోయిందేదో బొంతగా కుట్టమన్నది. "బొంత కుడితే భయం పోతదంటనా?" అని పిన్ని ఎగతాళి చేసింది. కానీ కుట్టింది. ముదురు రంగు ముక్కలతో ఒక ఇల్లు. ఇంటికి తెచ్చి కూడా కుడుతుంటే, పిన్నికి చూపు ఆనక బాబాయే సూదిలో దారం ఎక్కించేవాడు.

"దీనికి వాకిలేది?" అన్నాడు ఒకరోజు.

"పెడితే వాడొస్తాడు," అన్నది పిన్ని తలెత్తకుండా. "కలలోకి వస్తానే ఉండాడు. దగ్గరికొచ్చేసరికి వాడిది నీ మొహం అయిపోతది."

బాబాయి ఆ సాయంత్రం తన మంచం వరండాలో వేసుకున్నాడు.

ఆ మాటే పిన్ని బొంత చూపించి సంస్థలో చెప్పింది. ఒక్కొక్కరుగా మిగతావాళ్ళూ నోరు విప్పినారు. ఆమెకు సెలవిచ్చినారు, ఇకమీదట ఏ కేసుకైనా ఇద్దరు పోవాలన్నారు. వానలు మొదలైనాక పిన్ని ఆ ఇంటికి వాకిలి కుట్టింది, లోపలి నుంచి వేసుకునే గడియతో. కుట్టి, వరండాలోకి పోయి, "తడుస్తావు, లోపలికి రా" అన్నది.

ఆ పిల్ల ఇప్పుడు దర్శిలో టైలరింగ్ చేస్తా ఉంది. పిన్ని మళ్ళీ పనిలోకి పోయింది. వాడూ ఊళ్ళోనే తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళయినా, వెనక నుంచి ఎవరైనా "అక్కా" అంటే పిన్ని వెంటనే తిరగదు. ఆ కాస్త ఆగడంలో ఎన్నేళ్ళు ఆగిపోయి ఉంటాయో పక్కన నడిచేవాళ్ళకు తెలియదు.