అత్తగారు ఒప్పుకోని వ్యాసం

మీటరమ్మ ఇప్పుడు ఏం రాసినా ఇంటిల్లిపాదీ బాగుందనే అంటారు. మనవరాలైతే చదవకుండానే బాగుందంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకు దిగులేస్తుంది. పోయి పదకొండేళ్ళైన అత్తగారు గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో మీటరమ్మ బట్టల షాపులో గుడ్డ కొలిచి కత్తిరించేది. ఆ పేరు అక్కడ పడిందే. పొద్దున తొమ్మిదికి కౌంటర్ వెనక నిలబడితే, మళ్ళీ కూర్చోవడం ఇంటికొచ్చాకే. కొనేవాళ్ళున్నా లేకపోయినా ఆడపిల్లలెవరూ కూర్చోకూడదని యజమాని రూలు. పక్క కౌంటర్ పిల్లకు ఏడో నెల. కాళ్ళు వాచిపోయి మొగుడి చెప్పులు వేసుకొచ్చేది. ఇలాగే సాగితే ఆ పిల్ల పని మానుకోవాల్సిందే, మానుకుంటే ఇల్లు గడవదు. మీటరమ్మకు ఒళ్ళు మండింది. సెలవు రోజున కూర్చుని వ్యాసం రాసి వారపత్రికకు పంపింది. "మానవత్వం మంటగలిపిన యజమానులారా" అని మొదలు.

అది వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. కోపం న్యాయమైనదేననీ, కానీ ముందే ఒప్పుకున్నవాళ్ళు తప్ప ఇది చదివి ఎవరూ మారరనీ, ఒప్పుకోనివాళ్ళకు వినిపించి మళ్ళీ రాయమనీ అడుగున సంపాదకుడి రాత.

ఒప్పుకోనివాళ్ళ కోసం ఊరంతా గాలించే పని లేకపోయింది. వంటింటి గుమ్మం పక్కన కుర్చీలోనే ఉంది అత్తగారు. ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేసి ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. మంచమెక్కాలంటే కాళ్ళను చేతులతో ఎత్తి పెట్టుకునేది.

మీటరమ్మ చదివి వినిపిస్తే మొదటిసారి నవ్వింది. కొనడానికొచ్చినవాళ్ళు, కూర్చున్న పిల్లను చూస్తే బద్ధకస్తురాలనుకోరా అంది. మీటరమ్మ నలభై మందిని అడిగి, మాకేం అభ్యంతరం లేదన్నారని రాసుకొచ్చింది. "అడిగితే అందరూ మంచివాళ్ళే," అని అత్తగారు పెదవి విరిచింది. మీటరమ్మ ఉక్రోషంగా మళ్ళీ కాగితం తీసింది. ఈసారి తన తప్పే తాను రాసుకుంది: సాయంత్రం కాళ్ళు పీకుతుంటే కొలత మీద చూపు నిలవదనీ, ఆ వారంలో మూడు గుడ్డలు పొట్టిగా కత్తిరించి పాడుచేశాననీ. ఉద్యోగం ఊడినా సరేననుకుని రాసిన మాటది. మొగుడుగారు ఇవన్నీ వింటూ కూడా పేపర్లోంచి తల బయటపెట్టలేదు.

అత్తగారు తల పంకించింది. "ఇది షాపాయన చెవికెక్కే మాట. మరి నాకేం చెప్తావు? మేం నిలబడలేదా? నిలబడే పిల్లల్ని పెంచలేదా?"

దానికి లెక్కల్లో జవాబు లేదు. మీటరమ్మ నాలుగు రోజులు గుడ్డలు కత్తిరిస్తూ అదే ఆలోచించింది. అయిదో రోజున అత్తగారి ప్రశ్ననే వ్యాసం మొదట్లో పెట్టి, కింద ఇలా రాసింది: "ఇలా అడిగినావిడ మా ఇంట్లోనే ఉంది. ముప్ఫై ఏళ్ళు నిలబడింది. ఓపికుండి నిలబడలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి నిలబడింది."

చదివి వినిపించి తలెత్తడానికి భయమేసింది.

"ముప్ఫై కాదు, ముప్ఫై నాలుగు. రాసేది సరిగ్గా రాయి," అంది అత్తగారు.

వ్యాసం అచ్చయింది. యజమాని రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు గానీ, పనిలోంచి తీసెయ్యలేదు. మూడో రోజు, బేరాల్లేనప్పుడు కూర్చోండి అంటూ ఎత్తు పీటలు తెప్పించాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఎన్నడూ ఆ గడప తొక్కని అత్తగారు ఆటో దిగి షాపులోకొచ్చింది. మీటరమ్మ గుడ్డ కొలుస్తూ కొలత మరిచిపోయింది. ఆవిడ కోడలి వైపు చూడనైనా చూడకుండా నేరుగా పక్క కౌంటర్ దగ్గరకు నడిచింది. పీట మీదున్న పిల్ల, ఎవరో కొనడానికొచ్చారనుకుని, కౌంటర్ పట్టుకుని లేవబోయింది. అత్తగారు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"కూర్చో తల్లీ. నాకేం కొనేది లేదు. నువ్వు కూర్చుంటే చూడాలని వచ్చాను."