ఎక్స్‌టర్నల్ పారాయణం

ఆ రోజుల్లో చదువు మనల్ని వెతుక్కుంటూ ఇంటికే వచ్చేదంటే నవ్వకండి, నా విషయంలో అక్షరాలా అదే జరిగింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ బడులు మూతబడినప్పుడు బాపు, అంటే మా నాన్న, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠాలు మొదలుపెట్టారు. బడులు తెరిచాక కూడా ఆయనకు చెప్పే రుచి తీరక నన్ను పంపనేలేదు. మా ఇంగ్లిషుకంతటికీ ఆధారం ఒక్కటే. డోర్నకల్ నుంచి బదిలీ అయి వెళ్తూ ఒక రైల్వే ఆయన బాపుకు ఇచ్చిపోయిన లావుపాటి నిఘంటువు. (ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.) అందులో ‘ఏ’ నుంచి ‘డీ’ దాకా చెదలు తినేశాయి. “పోతే పోయినయి బిడ్డా, మిగిలినయి సదువు” అన్నారు బాపు. మా నాయనమ్మ లెక్కలో పుస్తకమంటే పుస్తకమే. స్నానం చేసి, దీపం పెట్టి, సహస్రనామాల్లాగే రాగం తీసి చదవాలి, చివర కళ్ళకద్దుకోవాలి. అలా రోజుకో పుట, బాపు తెలుగు చేసి చెప్పిన అర్థాలతో సహా, నోటికి వచ్చేసింది.

పదో తరగతి పరీక్షకు ఇంటి నుంచే కట్టాలంటే హెడ్మాస్టరు గారి సంతకం కావాలి. మేం వెళ్ళింది ఫారాలకు ఆఖరి రోజు. సంతకం పడకపోతే నా ఏడాది పోయినట్టే.

కోస్తా నుంచి వచ్చిన ఆ సారు నన్ను కళ్ళద్దాల పైనుంచి చూశారు. “ఇంట్లో ఏం చదివిందండీ? పచ్చళ్ళు పట్టడమా?”

“జర అడిగి సూడుండ్రి సార్” అన్నారు బాపు.

“కరేజ్ అంటే ఏమిటమ్మా?”

“అది మా బుక్కుల లేదు సార్. చెదలు తిన్నయి.”

“ధైర్యాన్ని చెదలు తిన్నాయా!” సారు నవ్వారు. పక్కనున్న గుమస్తా కూడా కిసుక్కుమన్నాడు. బాపు తల దించుకున్నారు. సారు మళ్ళీ అడిగారు, “పోనీ, ఈ ఫారం మీద ఎక్స్‌టర్నల్ అని ఉంది. అదైనా తెలుసా?”

అంతే, నాకు తెలియకుండానే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. “ఎక్స్‌టర్నల్... విశేషణం... బయట ఉండునది, పైకి కనబడునది, పరదేశమునకు చెందినది, ఒంటిపై పూయు మందునకు వాడునది...” నా గొంతు రాగం అందుకుంది. “జన్మస్థానం లాటిన్... ఎక్స్ అనగా బయటికి... దాని సంతానం ఎక్స్‌టర్, దాని సంతానం ఎక్స్‌టర్నస్... ఫ్రెంచివారి ఇంట పెరిగి వచ్చిన స్ట్రేంజ్ దీనికి దగ్గరి చుట్టం...” ముగించి, అలవాటు కొద్దీ బల్ల మీది ఫారం తీసి కళ్ళకద్దుకున్నాను. కళ్ళు తెరిస్తే గుమస్తా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర ప్యూను చెప్పులు విప్పేశాడు!

సారు గొంతు సవరించుకున్నారు. “ఇంకా ఉందా?”

“ఎక్స్‌టింక్ట్ మొదలువెట్టమంటరా సార్?”

“వద్దు తల్లీ, వద్దు! ఏమయ్యా, నా పెన్నేది?”

సంతకం పడింది. ఇంటి దాకా బాపు సైకిలు తొక్కలేదు. పక్కన నడిపించుకుంటూ దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ ఆగి చెప్పారు, “మా బిడ్డ సారునే గెలిచింది” అని. పరీక్షా గెలిచాను, బాపు దయ, ఆ సారు పెద్దమనసు. ఇప్పుడు మనవరాలు ఒక మాటకు అర్థం అడిగితే ముందు కళ్ళజోడు వెతుక్కుంటాను. కళ్ళు మూసుకుని చెప్పేసిన ఆ పిల్ల గుర్తొచ్చి, వెతకడం ఆపి, కాసేపు నవ్వుకుంటాను.