బావికాడి ఇంటి దాకా

ఆ ప్లేయర్ అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా ఉండేది. నల్లటి ప్లాస్టిక్, ముందువైపు చిన్న తెర, పక్కన మూడు బటన్లు, లోపల ఒక పెన్సిల్ బ్యాటరీ. పాటలు వినొచ్చు, మాటలు రికార్డు చేసుకోవచ్చు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో అలాంటివి చైనా నుంచి డబ్బాలకు డబ్బాలు దిగేవి. బెంగళూరు పాతపేటలో వాటిని తాళంకప్పలు అమ్మినంత మామూలుగా అమ్మేవారు.

నేనప్పుడు బళేపేట వెనక సందులో ఒక ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆఫీసేమో సర్జాపుర రోడ్డులో. సెట్‌టాప్ బాక్సుల లోపల నడిచే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. నా తోటివాళ్ళందరూ ఆఫీసు పక్కనే ఫ్లాట్లు తీసుకున్నారు. నేను రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి, ఇంటివాళ్ళు తెలుగువాళ్ళన్న ఒక్క కారణంతో. తీరా వాళ్ళ తెలుగు నా తెలుగు కాదు. ఎన్ని తరాల కిందటో మగ్గాలతో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ రావు.

ఇంటాయనకు బళేపేటలో చిన్న అంగడి. తలుపు బందులు, గడియలు, గొళ్ళేలు అమ్మేవాడు. నా ఈడు కొడుకు ఆయనతోపాటు కూర్చునేవాడు. ఆ అంగట్లో పనంతా నమూనా మీద నడిచేది. కొనేవాడు విరిగిన బందును జేబులోంచి తీసి బల్ల మీద పెడతాడు. కొడుకు దాన్ని ఒకసారి తిప్పి చూసి, లోపలి అరల్లోంచి సరిగ్గా అలాంటిదే తెచ్చి పక్కన పెడతాడు. కొలతలు అడగడు, ఎక్కడ తయారైందో అడగడు. ఎప్పుడూ తప్పు పోలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంటాయనకు అంగడి కంటే పెద్ద పని ఇంకోటి ఉండేది. వాళ్ళ కులంలో పెళ్ళి అయ్యాక, పంక్తి వేసే ముందు, ఒక్కో ఇంటినీ వరసగా పిలిచి తాంబూలం ఇస్తారు. పిలిచే హక్కు ఈ ఇంటిది. పిలిచేది ఇంటిపేర్లతో కాదు. పెద్దమగ్గం ఇంటోళ్ళు, సున్నపుగోడ ఇంటోళ్ళు, రెండంకణాల ఇంటోళ్ళు, బావికాడి ఇంటోళ్ళు, ఇంకా అలాంటివే చాలా. ఆ మగ్గాలూ బావులూ ఏవీ ఇప్పుడు లేవు. ఇళ్ళవాళ్ళు యలహంక దాకా చెదిరిపోయారు. అయినా వరస మారదు. పిలిచినవాడి ఇల్లు అన్నిటికంటే చివర. పిలవనిదే ఎవరూ తాంబూలాల పళ్ళెం దగ్గరికి రాకూడదు.

ఆయన గొంతు పెద్దది. మైకు అడ్డం పెడితే చేత్తో పక్కకు నెట్టేవాడు. చివరి పిలుపు మాత్రం మెల్లగా ఉండేది: "ఇంక మనింట్లోది రావల్ల." ఆయన తన భార్యను నలుగురిలో పిలిచే మాట అదొక్కటేనని ఆమే నాకు ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు, నేను చెప్పిన మీదట, కొడుకు ఆ ప్లేయర్ కొనుక్కొచ్చి తండ్రి ముందు పట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"ఏం మాట్లాడల్లరా దీనికి?"

"ఏమన్నా మాట్లాడు నాయనా."

"ఎదురుగా ఎవురూ లేకుండా సుమ్నే మాట్లాడేకి నాకేమన్నా పిచ్చా?" పంచె సర్దుకుని కూర్చున్నాడు. "పిలుస్తా. అదైతే వస్తాది."

"ఇప్పుడెవురి పెండ్లని పిలుస్తావు?" అంది భార్య.

"నా గొంతుదే. అత్తగారింటికి పంపేది ఉండాది గదా."

బొంగురు గొంతుతో, మధ్యలో దగ్గుతూ, పెద్దమగ్గం ఇంటి నుంచి మొదలుపెట్టి అన్ని ఇళ్ళూ పిలిచాడు. చివర, "ఇంక మనింట్లోది రావల్ల" అనగానే, వంటింటి గడప మీద కూర్చున్న ఆమె అలవాటుకొద్దీ లేచి ఒక అడుగు ముందుకు వేసింది. అందరం నవ్వాం. ఆమె గాజుల చప్పుడూ మా నవ్వూ కూడా రికార్డయ్యాయి.

ఆపరేషన్ తర్వాత మెడ కింద రంధ్రంతో ఇంటికొచ్చాడు. దాని మీద తడిగుడ్డ కట్టుకునేవాడు. ఊపిరి అక్కడినుంచే. ఆమెను పిలవాలంటే రెండుసార్లు చప్పట్లు కొట్టేవాడు. ఏదైనా చెప్పాలంటే పలక మీద కన్నడంలో రాసేవాడు. ఆమెకు చదువు లేదు కాబట్టి కొడుకు చదివి తెలుగులో చెప్పేవాడు. నాకు అప్పుడప్పుడు అనిపించేది, పోయింది గొంతు మాత్రమే కాదని. ఆయన తెలుగంతా ఆ గొంతులోనే ఉండేది. చేతికి ఎప్పుడూ రాలేదు.

రోజూ సాయంత్రం మంచం మీద కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని ఆ రికార్డింగ్ మొదటినుంచి చివరిదాకా వినేవాడు. ఒక తీగ భార్యకు ఇచ్చేవాడు. అయ్యాక తీగలు చుట్టి దిండు కింద పెట్టేవాడు.

కొన్నాళ్ళకు ఆ ప్లేయర్ మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. బ్యాటరీ తీసి వేస్తేగానీ కదిలేది కాదు. ఆయన విసుగుతో మంచంకోడును చేత్తో బాదేవాడు. కొడుక్కి చూడబుద్ధి కాలేదు. ఒక శనివారం సైబర్ సెంటర్‌కు పట్టుకెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే నా గదికి వచ్చి, చొక్కా జేబులోంచి ప్లేయర్ తీసి నా మంచం మీద పెట్టాడు.

"గురూ, ఒక తప్పు చేసేసినా."

బటన్ నొక్కాను. తెర తెల్లగా వెలిగి అలాగే ఉండిపోయింది. అక్షరం లేదు, శబ్దం లేదు.

"ఏం చేశావ్?"

"ఫర్మ్‌వేర్ అంటారు గదా, లోపల ఉండే ప్రోగ్రామ్. కొత్తది వేస్తే బిగుసుకునేది నిలిచిపోతాదని ఇంటర్నెట్‌లో రాసిండారు. వేసినా."

"ఏ మోడల్‌ది వేశావ్?"

"మోడల్ యాడుండాది దీనికి? ఫొటోలు పెట్టిండారు. ఇట్లాంటిదే ఒకటి చూసుకోనొచ్చి వేసినా. అచ్చం ఇదే గురూ. బటన్లు ఇదే, తెర ఇదే, తాడు కట్టే బొక్క కూడా ఇదే."

అతను చేసింది నాకు వెంటనే అర్థమైంది. అంగట్లో బందు వెతికినట్టే వెతికాడు. కానీ ఈ ప్లేయర్లలో పైడొప్ప ఒకరు చేస్తే, లోపలి బోర్డు వేరెవరో చేస్తారు. ఒకే డొప్పలో రకరకాల బోర్డులు వస్తాయి. బయటి పోలిక దేనికీ సాక్ష్యం కాదు.

"రికార్డింగ్ కాపీ కంప్యూటర్‌లో పెట్టావా?"

తల అడ్డంగా ఊపాడు.

"నాయనకు చెప్పినావా అని అడగొద్దు," అన్నాడు తనే. "రిపేరీకి ఇచ్చిండానని చెప్పినా. సాయంత్రానికి కావల్ల."

నేను అప్పుడు చేయాల్సినవి మూడు ఉన్నాయి. ఒకటి, చచ్చిన ప్లేయర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడం. రెండు, ఇంకేమీ రాయకముందే మెమరీలో మిగిలిందంతా బయటకు తీయడం. మూడు, సరైన ఫర్మ్‌వేర్ వేసి ప్లేయర్‌ను బతికించడం. మూడోది లేకుండా రెండోదానితో లాభం లేదు. ఆ రికార్డింగ్ ఆ రకం ప్లేయర్‌కు తప్ప ఇంకే యంత్రానికీ అర్థంకాని పద్ధతిలో దాచి ఉంది.

బ్లేడుతో డొప్ప విప్పాను. మెమరీ చిప్ కాళ్ళలో రెండిటిని పట్టకారుతో కలిపి పట్టుకుని కేబుల్ గుచ్చితే, ప్లేయర్ తన ప్రోగ్రామ్‌ను చదవలేక, ఫ్యాక్టరీలో పుట్టినప్పటి స్థితికి వెళ్తుంది. అప్పుడు కంప్యూటర్ మాట వింటుంది. ఆ కాళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. పక్క కాలు తగిలితే చిప్ కాలిపోవచ్చు. నేను పట్టుకుంటే అతను కేబుల్ గుచ్చాడు. చాలాసార్లు కాలేదు. కింద ఇంటాయన చప్పట్లు కొట్టడం వినిపించింది. అతను కేబుల్ వదిలేసి గుమ్మం వైపు చూశాడు.

"నువ్వు కిందికి వెళ్ళు," అన్నాను.

"పోతే నా మొగం చూసి కనుక్కుంటాడు గురూ. గొంతు పోయినప్పట్నుంచి కండ్లతోనే అంతా చదువుతుండాడు."

మధ్యాహ్నానికి కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టింది. అతను నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. మెమరీ మొత్తాన్ని బయటకు లాగే చిన్న ప్రోగ్రామ్ నా దగ్గర ఉంది. లాగాను. చిప్ మీది అంకెలను భూతద్దంతో చదివి, సరైన ఫర్మ్‌వేర్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈలోగా అతను అంగడివీధికి పరిగెత్తి, అలాంటి ప్లేయరే ఇంకోటి కొనుక్కొచ్చాడు. "నమూనా తెచ్చినా, దీంట్లోది తీసి దాంట్లో వెయ్యి." విప్పి చూపించాను. లోపల బోర్డు రంగే వేరు. ఆ రెండు బోర్డుల వైపూ చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత అంగట్లో కూడా అతను బందులను స్కేలు పెట్టి కొలవడం చూశాను.

సరైన ఫర్మ్‌వేర్ చివరికి ఒక పరదేశీ సైట్‌లో, నాకు రాని భాషలో దొరికింది. వేశాను. తెర మీద అక్షరాలు వచ్చాయి. ప్లేయర్ బతికింది.

రికార్డింగ్ పూర్తిగా బతకలేదు. తప్పు ఫర్మ్‌వేర్ మొదటిసారి మొదలైనప్పుడే, మెమరీని వేరే రకంగా లెక్కగట్టి, తన లెక్కల పట్టికలను కొన్నిచోట్ల రికార్డింగ్ మీదే రాసేసింది. వాటి కింద ఉన్నదాన్ని దేవుడు కూడా తియ్యలేడు. మిగిలిన ముక్కలను నేను వెతికి, వరసగా అతికించి, ప్లేయర్‌లోకి ఎక్కించాను. ఇద్దరం చెరో తీగ పెట్టుకున్నాం. పెద్దమగ్గం ఇంటోళ్ళు. సున్నపుగోడ ఇంటోళ్ళు. దగ్గు. రెండంకణాల ఇంటోళ్ళు. బావికాడి ఇంటోళ్ళు. అక్కడ ఒక గరగర. తర్వాత ఏమీ లేదు.

"మళ్ళీ ఒకసారి వెతకరాదా?" అన్నాడు.

వెతికాను. వారమంతా ఆఫీసు నుంచి వచ్చి వెతికాను. లేదు.

అయితే ఆ ఆదివారం సాయంత్రమే ప్లేయర్‌ను కిందికి తీసుకెళ్ళాం. ఆయన నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. ఒక తీగ చెవిలో పెట్టుకుని, ఒకటి ఆమెకిచ్చాడు. మేం నిలబడే ఉన్నాం. ఆయన వేళ్ళు మోకాలి మీద వరసను లెక్కపెడుతున్నాయి. ఒకచోట వేలు ఆగింది. ఆయన ప్లేయర్ ఊపి చూశాడు, బ్యాటరీ తీసి వేశాడు, మొదటినుంచి పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

పలక తీసి రాశాడు. కొడుకు చదివాడు గానీ పైకి చెప్పలేదు.

"ఏమని రాసిండాడు?" అంది ఆమె.

"మిగిలినోళ్ళు యాడ, అంటుండాడు." కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "లేరు నాయనా. నేనే పోగొట్టినా. రిపేరీకని నేనే చెడగొట్టినా."

ఇంటాయన కాసేపు పలకనే చూశాడు. తర్వాత మెడకు కట్టుకున్న తడిగుడ్డ కొసతో దాన్ని తుడిచి, గోడకు ఆనించాడు. ఆమె చెవిలోంచి తీగ తీసి, "నాది దాంట్లో లేనట్లేనా?" అంది.

ఆ తర్వాత కూడా ఆయన రోజూ వినేవాడు. బావికాడి ఇంటి దాకా. ధ్వని ఆగిపోయాక పెదవులు కదిలేవి. మెడలోని రంధ్రం నుంచి గాలి చప్పుడు మాత్రం వచ్చేది. అప్పటినుంచి ఆమె రెండో తీగ పెట్టుకోలేదు. ఆ వేళకు వంటింట్లో పని ఉందనేది.

కొన్ని నెలలకు వాళ్ళ బంధువుల పెళ్ళి. నన్నూ రమ్మన్నారు. పిలిచే హక్కు ఇంటిది కాబట్టి కొడుకు పిలవాలి. తండ్రి పక్కన నిలబడ్డాడు. కొడుకు గొంతు సన్నం, మైకు పట్టుకున్నాడు. మొదటి ఇళ్ళు తడబడకుండా, అచ్చంగా తండ్రి సాగదీసినట్టే సాగదీస్తూ పిలిచాడు. బావికాడి ఇల్లు దాటాక వేగం పెరిగింది. తర్వాతి ఇళ్ళను పేర్లు చదివినట్టు చదివేశాడు. ఆ వరస అతనికి తెలుసు. ఆ రాగం తెలియదు.

చివరి ఇల్లు మిగిలింది. ఆమె స్తంభం పక్కన, కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడి ఉంది. కొడుకు తల్లిని "మనింట్లోది" అనలేడు కదా. మైకు కిందికి దించి తండ్రి వైపు చూశాడు. ఇంటాయన చెయ్యెత్తి అతన్ని ఆగమన్నాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. పెదవులు కదలడం నాకు కనిపించింది. ఇంట్లోనైతే చప్పట్లు కొట్టేవాడు. పెళ్ళిపందిట్లో భార్యను చప్పట్లతో పిలవడానికి ఆయన చేతులు లేవలేదు.

ఆమె కదల్లేదు. పిలుపు వినబడలేదు కాబట్టి వెళ్ళకూడదో, పెదవులు చూసి వెళ్ళొచ్చో ఆమెకే తెలియాలి.

"అయిపాయనా అప్పా? పంక్తి వెయ్యల్ల, సాంబారు చల్లారిపోతుండాది," అని వెనకనుంచి ఎవరో అరిచారు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. ఆమె వాళ్ళతో కలిసి భోజనాల వైపు వెళ్ళిపోయింది.

తాంబూలాల పళ్ళెం ఎత్తబోయిన పెళ్ళివారి ముసలాయన అందులోకి చూశాడు.

"ఒకటి మిగిలిపోయిండాదే. ఎవురిదప్పా ఇది?"

"మాదే," అన్నాడు కొడుకు. అని, తీసుకోలేదు.