దేవుడి అలమర ఖాళీ చేసిన ఆంటీ

మా హాస్టల్ ఆంటీ పోయారు. సోమవారం మధ్యాహ్నం పంజాగుట్టలోని మా ఆఫీసు క్యాంటీన్లో టిఫిన్ బాక్స్ మూత తీస్తుంటే, పాత హాస్టల్ అమ్మాయిల గ్రూపులో స్రవంతి పెట్టిన మెసేజ్ కనిపించింది. పొద్దున కాఫీ తాగి, కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. గుండె అన్నారు. నేను మూత మళ్ళీ పెట్టేశాను. కాసేపటికి తీసి, ఏడుస్తూనే మొత్తం తిన్నాను. తినకుండా లేచి ఉంటే ఆవిడ ఎక్కడున్నా నాకు చీవాట్లు తప్పేవి కావు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో లేడీస్ హాస్టళ్ళకు కొదవ లేదు. కంప్యూటర్ కోర్సులకని ఊళ్ళ నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళం వాటిలో సర్దుకుని బతికేవాళ్ళం. ఆంటీది భీమవరం వైపు. భర్త పోయాక, ఉంటున్న ఇంటినే హాస్టల్ చేశారు. నాది కరీంనగర్ దగ్గర పల్లె. నేను "జర ఆగు ఆంటీ" అంటే, "ఆగండి అనమ్మా, నీ నోరేం అరిగిపోదు" అని నవ్వేవారు. నాకు మాత్రం మొదట్లో ఒళ్ళు మండేది. పెద్ద వచ్చింది మర్యాదలు నేర్పడానికి అనుకునేదాన్ని.

ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. భోజనాల హాల్లోనే, వంటింటి గుమ్మం పక్కన, గోడలో దేవుడి అలమర. అందుకని నెలసరి వచ్చిన అమ్మాయిలు మూడు రోజులు హాల్లోకి రాకూడదు. ఆంటీ కసురుకునే మనిషి కాదు. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతేనమ్మా. మెట్ల దగ్గర నించుని ఒక్క కేక వెయ్యి, కంచం అక్కడికే వస్తుంది" అనేవారు. ఆ కేక వెయ్యడమే ఎవరివల్లా కాలేదు. కింద పాలవాడుంటాడు, ఇస్త్రీ అబ్బాయి ఉంటాడు, ఎవరో ఒకరి నాన్న కూతుర్ని చూడ్డానికి వచ్చి కూర్చుని ఉంటాడు. అందరూ వినేటట్టు అక్కడి నుంచి అన్నం అడగడమంటే మైకులో చెప్పినట్టే. అందుకే ఆ మూడు రోజులూ మాకెవరికీ ఆకలి వేసేది కాదు. సందు చివర బండి మీద చాయ్, ఓ బిస్కెట్ ప్యాకెట్, అంతే. మా ఇంట్లో అమ్మ ఇంత పట్టింపుగా ఉండేది కాదు. కానీ కొత్త ఊరు, పరాయి ఇల్లు, ఏమని ఎదురు చెప్తాం?

నాకు ఆ రోజులు అందరికన్నా ఎక్కువ బాధగా గడిచేవి. వారం దాటినా రక్తస్రావం ఆగేది కాదు. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు మసకలు. ఇంటికి చెబితే చదువు మానిపించి తీసుకుపోతారని భయం. ఒకసారి వెళ్ళానంటే మళ్ళీ పంపరని నాకు తెలుసు. మా ఊరి నుంచి అంతదూరం చదువుకోవడానికి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. అందుకని పళ్ళ బిగువున క్లాసులకు వెళ్తూనే ఉన్నాను. ఒక రోజు కోచింగ్ సెంటర్ మెట్ల మీదే కూలబడిపోయాను.

ఎవరో హాస్టల్‌కు ఫోన్ చేస్తే ఆంటీ ఆటోలో వచ్చారు. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పంజాగుట్టలో తనకు తెలిసిన లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, పొద్దున ఏం తిన్నావని అడిగింది.

"బిస్కెట్లు."

"నిన్న?"

"బిస్కెట్లే."

"హాస్టల్లో అన్నం పెట్టరా?"

ఆంటీ నా పక్కనే కూర్చుని ఉన్నారు. తల దించుకున్నాను. అప్పుడు ఆవిడే నోరు విప్పారు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆవిడ మీద గౌరవం పొంగుతుంది. సర్ది చెప్పుకోవడానికి ఎంతో అవకాశం ఉన్న చోట ఆవిడ దాన్ని వాడుకోలేదు.

"పెడతాం డాక్టర్ గారూ. కానీ ఈ రోజుల్లో నేను లోపలికి రానివ్వను. కంచం బయటికి పంపిస్తాను. వీళ్ళు అడగరు. అడగడం లేదని నాకు తెలుసు. వాళ్ళకే ఆకలి లేదేమోలే అనుకున్నాను."

రక్త పరీక్ష కాగితం చూశాక డాక్టరమ్మ గొంతు పెంచలేదు కానీ మాట కటువుగానే చెప్పింది. రక్తం పోయే రోజుల్లోనే ఈ పిల్ల తిండి మానేస్తోంది, పోయింది మళ్ళీ పట్టేదెప్పుడు? ఐరన్ మాత్రలు రాస్తాను, అవి వేసుకోవాల్సిందే. ఇంత ఎక్కువగా ఎందుకు పోతోందో స్కాన్ చేసి చూద్దాం. అన్నం, ఆకుకూర, పప్పు, గుడ్డు, నిమ్మకాయ వేళకు పడాలి. తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి పట్టదు. మనకందరికీ ఆ అలవాటే ఉంది, ముందు అది మాన్పించండి. ఆంటీ అన్నిటికీ తల ఊపారు.

మర్నాడు పొద్దున్నే మా నాన్న, బాపు, ఊరి నుంచి వచ్చాడు. స్రవంతి కంగారులో మా ఇంటికి ఫోన్ చేసిందిలెండి. బాపు హాల్లో నిలబడి, మెట్ల దగ్గరే ఆగిన నాతో, "బిడ్డా, సామాను సదురుకో. పానం కంటే సదువు ఎక్వ కాదు, ఇంటికి పోదాం" అన్నాడు. ఆంటీ వంటింట్లోంచి వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, తప్పు పిల్లది కాదు, నాది. నా పద్ధతి వల్ల మీ అమ్మాయి పస్తులుంది. నాకు రెండు నెలలు టైమివ్వండి. మందులూ తిండీ నేను చూసుకుంటాను. అప్పటికీ తేరుకోకపోతే నేనే తీసుకొచ్చి మీ ఇంట్లో దింపుతాను."

"మీ మాట నమ్మొచ్చు. కానీ గా పద్ధతి మళ్ళ గట్లనే ఉంటది గదమ్మా" అన్నాడు బాపు.

ఆంటీ గోడ వైపు చూపించారు. అప్పుడు చూశాను నేను కూడా. అలమర ఖాళీగా ఉంది. పసుపు మరకలు కడిగిన తడి ఇంకా ఆరలేదు. వంట చెయ్యడానికి బోరబండ నుంచి వచ్చే యాదమ్మ గుమ్మంలో నిలబడి, "నిన్న పొద్దుగూకంగనే దేవుళ్ళనందరినీ తనే తన రూములకు మోసుకపోయింది సారూ. నన్ను సుత చెయ్యి పెట్టనియ్యలే. ఇన్నేండ్ల సంది నేను చెప్తే ఇన్నదా?" అంది. ఆంటీ ఆమె వంక గుర్రుగా చూశారు. బాపు చాలాసేపు కూర్చుని, టిఫిన్ తిని, నన్ను అక్కడే వదిలి వెళ్ళాడు.

పుట్టి పెరిగిన పద్ధతిని అరవై దాటాక ఒక్క సాయంత్రంలో మార్చుకోవడం మాటలు కాదు. దేవుణ్ణి పడగ్గదిలో పెట్టుకున్నావా అని బంధువులు ముఖం మీదే అడిగారు. "దేవుడికి నేను చెప్పుకుంటాను. ఈ పిల్లల అమ్మలకి ఏం చెప్పుకోను?" అనేవారు. అలా అన్నారే గానీ, మొదటి నెలల్లో ఎవరైనా అమ్మాయి ఆ రోజుల్లో హాల్లోకి వస్తే ఆవిడ చెయ్యి చీర కొంగును నలిపేది. భయం పోయాక చెయ్యడం వేరు, భయపడుతూనే చెయ్యడం వేరు. ఆవిడ రెండోది చేశారు.

ఖాళీ అయిన అలమరలో యాదమ్మ గుడ్ల ట్రే పెట్టబోతే మాత్రం ఒప్పుకోలేదు. "అక్కడొద్దే తల్లీ, అంత ధైర్యం నాకింకా రాలేదు" అన్నారు. అక్కడ నువ్వుండల డబ్బా, వేరుశెనగ చిక్కీ డబ్బా వెలిశాయి. తను గుడ్డు ముట్టని మనిషి, మాకు మాత్రం దగ్గరుండి ఉడికించి పెట్టించేవారు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండించేవారు. తిన్న వెంటనే చాయ్ కోసం సందులోకి బయల్దేరితే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "ఎక్కడికమ్మా? తిన్నది కాస్త లోపల కుదురుకోనీ." ఆ గేటు దాటడం కన్నా ఇంటర్వ్యూ దాటడం తేలిక.

స్రవంతిది వేరే బాధ. ఆమెకు నెలల తరబడి నెలసరి వచ్చేదే కాదు. ఒళ్ళు చేశానని సోమ, గురు, శని వారాలు ఉపవాసం పట్టేది, మిగతా రోజుల్లో అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ చిప్స్ నమిలేది. "ఇన్ని వారాలు నిన్ను దేవుడు అడిగాడా, అద్దం అడిగిందా?" అన్నారు ఆంటీ ఒకనాడు. దానికి స్రవంతి ఏడ్చింది. మర్నాటి నుంచి ఆవిడే ఆమెను లేపి, మెట్రో కింద నుంచి పంజాగుట్ట దాకా నడిపించి తీసుకొచ్చేవారు, రాగిజావ తాగించేవారు. డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. కొన్ని నెలలకు ఆమెకు నెలసరి ఒక దారిలో పడితే, మేమంతా ఆంటీ చలవే అన్నాం. "నా చలవేంటి? మందు మందే, తిండి తిండే. ఒకటుందని రెండోది మానకండి" అని కసిరారు. ఆ మాట నేను ఇప్పటికీ మా ఆఫీసు అమ్మాయిలకు అప్పజెప్తుంటాను.

స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదని తేలింది, మందులతో రక్తస్రావం అదుపులోకి వచ్చింది, నేను తేరుకున్నాను. కోర్సు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. బాపు వచ్చి ఆవిడకు దండం పెట్టబోతే, "ముందు భోంచెయ్యండి" అన్నారు.

పెద్దకర్మ రోజు మా పాత బ్యాచ్ వాళ్ళం చాలామందిమి వెళ్ళాం. హాస్టల్ ఇకపై చూసుకునేది ఆంటీ కోడలే. మియాపూర్‌లో ఉంటున్న ఆమెకు ఈ పిల్లలతో పెద్దగా పరిచయం లేదు. హాల్లో ఆంటీ ఫొటో, దండ, దీపం. బంధువుల్లో పెద్దవాళ్ళు గోడ వారగా కూర్చుని ఉన్నారు. విస్తళ్ళు వేస్తుండగా, కొత్తగా చేరిన ఒక అమ్మాయి మెట్ల దగ్గరే ఆగిపోవడం కోడలు చూసింది. వెళ్ళి పిలిచింది. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "నేను రాకూడదక్కా. ఇయ్యాల పెద్దకర్మ గదా" అంది. పెద్దావిడ ఒకరు, "పోనీ, ఆ అమ్మాయికి అక్కడికే పంపించండి" అన్నారు. పాపం, ఆవిడ మంచిగానే అన్నారు.

కోడలు ఒక్క క్షణం అత్తగారి ఫొటో వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ధైర్యం చాలని మనిషి చూపు. ఆమె చెయ్యి కూడా చీర కొంగును నలిపింది. ఆ చేత్తోనే పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ముందు వరసలో ఫొటోకు ఎదురుగా కూర్చోబెట్టి, తనే వడ్డించింది. ఆ పిల్ల రెండు ముద్దలు మొహమాటంగా తింది. తర్వాత ఇంకో రెండు. విస్తరి ఖాళీ అయ్యాక తలెత్తి, హాలంతా వినేటట్టే, "అక్కా, ఇంకొంచెం అన్నం" అని అడిగింది.