గొర్రె నరం, సైకిలు గొలుసు

పోయిన నెల స్నానాల గదిలో జారిపడి కుడి భుజం బిగుసుకుపోతే, మా కోడలు పోరుపెట్టి హిందూపురంలో ఒక ఫిజియోథెరపీ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నా మనవరాలి వయసున్న పిల్ల ఒకతె నన్ను గోడకు బిగించిన చక్రం ముందు నిలబెట్టి, దాని పిడి చేతికిచ్చి, మెల్లగా తిప్పమంది. తిప్పుతూ తిప్పుతూ, మధ్యలో చెయ్యి పట్టేస్తే ఇది ఏం చేస్తుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల చక్రం నడిమధ్య ఉన్న మరను చూపించి, "ఇది వదులుగానే పెట్టినాలే తాతా, చెయ్యి పట్టేస్తే చక్రం దానంతట అదే జారిపోతాది, నువ్వేం భయపడొద్దు" అంది. నా కళ్లల్లో నీళ్లు చూసి, నొప్పేమో అనుకుని, పాపం పరుగున పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. నొప్పి కాదు, కోపం. నలభై యేళ్లు దాటిన కోపం. ఈ వయసుకు కోపతాపాలు వదిలేయాలని నా ఈడువాళ్లు చెబుతూ ఉంటారు. చెప్పేవాళ్లలో సగంమంది తాము వదల్లేదని నాకు తెలుసు. నేను వదిలానని మాత్రం అబద్ధం చెప్పను.

మాది పెనుకొండ. మా నాయనది దూదేకే పని. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని తన పెద్ద విల్లుతో ఏకి, నురగలాగా పొంగించి మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఆ విల్లుకు కట్టేది గొర్రె పేగును పేని ఎండబెట్టిన నరం. దాన్ని కొయ్య గుండుతో మీటే చప్పుడు విని, నాయన ఆ పూట ఏ వీధిలో ఉన్నాడో అమ్మ వంటింట్లోంచే చెప్పేది. నేను ఆ పని నేర్వలేదు. నాకు ఇనుము పిచ్చి. ఏ వస్తువు చూసినా దీన్ని ఇంకొక రకంగా చేయొచ్చు గదా అనిపించే రోగం చిన్నప్పుడే పట్టుకుంది. విత్తనాలకని వేరుశనక్కాయలు వొలిచి వొలిచి అమ్మ గోళ్లు పగులుతున్నాయని, డబ్బా రేకులతో ఒక వొలిచే పెట్టె చేశాను. అది సగం గింజల్ని పిండి చేసేది, అయినా అమ్మ దాన్ని ఇరుగుపొరుగుకు గొప్పగా చూపించేది. డెబ్బయ్యో దశకం నడిమిలో, ఇరవై రెండేళ్ల వయసులో, హిందూపురంలో ఒక లేతు షెడ్డులో ఫిట్టరుగా కుదిరాను. పొద్దున పాసింజరు బండిలో పోవడం, సాయంత్రం అదే బండిలో రావడం.

ఆ మరుసటేడు నాయనకు పక్షవాతం వచ్చింది. కాలు త్వరలోనే కూడదీసుకుంది గానీ, విల్లు మీటే కుడి చెయ్యి మాత్రం చచ్చుబడింది. రోజూ ఆ చేతిని ఆడించాలి, ఎవరైనా పట్టుకుని తిప్పుతూ ఉండాలి అన్నాడు డాక్టరు. అమ్మ తిప్పేది, నేను తిప్పేవాడిని, కానీ గంట సేపు తిప్పితే మాకే భుజాలు పడిపోయేవి. అప్పుడు నాకు తోచింది, నాయన మంచి చెయ్యే చచ్చుబడిన చేతిని తిప్పితే ఏం అని. షెడ్డు యజమానిని అడిగితే, "తుక్కే గదప్పా, ఏం గావల్లంటే అది తీసుకపో, ఆదివారం లేతు మీద చేసుకో" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు, నేను మరిచిపోలేదు.

ఒక పాత కుర్చీ ముందు రెండు సైకిలు పళ్లచక్రాలు పక్కపక్కన బిగించి, ఒక్కోదానికి ఒక్కో పిడి పెట్టి, రెంటినీ గొలుసుతో కలిపాను. ఎడమ చేత్తో ఒక పిడిని తిప్పితే రెండోది తిరుగుతుంది, దానికి గుడ్డతో కట్టిన కుడి చెయ్యి దాంతోపాటు తిరుగుతుంది. మొదటి రోజే ఆ చెయ్యి మధ్యలో బిగుసుకుంది. గొలుసుకు అదేం తెలుసు, లాగింది. నాయన పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది. గుడ్డ విప్పుతూ నేను ఏడుస్తుంటే, నాయన ఆ గొలుసు వైపే చూస్తూ అన్నాడు: "నా విల్లు నరం కట్టి సూడ్రా. అది లాగాల్సినంత లాగుతాది, విడవాల్సిన చోట విడుస్తాది. నలభై యేండ్లు దాంతో కాపురం జేసినోణ్ణి, నాకు తెల్దా?"

ఇనుప చక్రాలు తీసేసి, లేతు మీద కట్టెతో రెండు గాడి చక్రాలు తిప్పి, వాటికి నరం కట్టాను. చెయ్యి పట్టేసిన క్షణంలో నరం గాడిలో మెత్తగా జారిపోయేది, సడలగానే మళ్లీ అందుకునేది. అంటే ఆ యంత్రానికి ప్రాణం పోసింది నాయనే, నేను కాదు. ఆరు నెలలకు ఆయన కుడి చేత్తో నీళ్ల గ్లాసు నోటిదాకా ఎత్తుకున్నాడు. ఆ రోజు అమ్మ వీధిలో అందరికీ బెల్లం పంచింది.

సంగతి తెలిసి యజమాని మా ఇంటికి వచ్చాడు. అమ్మ వండిపెట్టిన సంగటి, చిత్రాన్నం తిన్నాడు. జేబులోంచి టేపు తీసి యంత్రాన్ని నిలువూ అడ్డమూ కొలుచుకున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేనే టేపు రెండో కొస పట్టుకున్నాను. అప్పుడు దానికి నరం లేదు. విల్లుకు అలవాటైన మనిషి గనక, పని అయిపోగానే నరం విప్పి గూటానికి తగిలించడం నాయనకు ఆచారం. అది ఎందుకని యజమాని అడగలేదు, మాకు చెప్పాలని తోచలేదు.

నాలుగు నెలలకు హిందూపురంలో జరిగిన పనిముట్ల ప్రదర్శనలో ఆ యంత్రం నిగనిగలాడే రంగుతో ప్రత్యక్షమైంది. దాని మీద యజమాని పేరు. పక్కనే యజమాని, మెడలో పూలదండ, చేతిలో మొదటి బహుమతి షీల్డు. జనంలోంచి తోసుకుంటూ దగ్గరికి పోయి చూస్తే, కట్టె చక్రాలు పేదరికం కొద్దీ పెట్టుకున్నామనుకున్నాడు గాబోలు, పళ్లచక్రాలు వేసి సైకిలు గొలుసు బిగించి ఉంది. నాయన కేక నాకు గుర్తుకొచ్చింది. ఇది మనుషుల చేతులు విరుస్తుందని ఆ క్షణమే నాకు తెలుసు. ఇది మా నాయనది గదన్నా అని మాత్రమే అన్నాను. అందరూ వింటుండగా ఆయన నవ్వాడు. "నా షెడ్డులో, నా లేతు మీద, నా ఇనుముతో పుట్టింది నాది గాక నీదెట్లయితాదిరా? దొంగతనంగా ఎత్తుకపోయినోనివి, నువ్వే అడుగుతాండావా?"

గొలుసు సంగతి అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎవడి చెయ్యో ఒకటి విరిగినప్పుడు గదా నీ షీల్డు సంగతి తేలేది అనుకుని, పళ్లు బిగించి వచ్చేశాను. ఇది దాచిపెట్టి ఈ కథ చెప్పడం నాకిష్టం లేదు.

మరునాడు షెడ్డులో నాకు పని లేదన్నారు. అంతటితో పోలేదు. సాయంత్రం బండి దిగి ఇంటికి వస్తే, నాయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. యజమాని పంపిన ఇద్దరు మనుషులు, వ్యాయామం చేస్తున్న నాయన చేతికట్టు విప్పి, దొంగసొత్తు అని వీధంతా వినబడేటట్టు అరుస్తూ యంత్రాన్ని జట్కా మీద వేసుకుని పోయారట. ఏదో పనికిరాని తాడనుకుని నరాన్ని మాత్రం ముడి దగ్గర తెంపి పారేశారు. నాయన దాన్ని ఏరుకుని ఎడమ చేతికి చుట్టుకుని కూర్చున్నాడు.

అక్కడా ఇక్కడా అడుక్కుని, మూడు నెలల్లో ఇంకొకటి చేసిపెట్టాను. ఆయన దాంట్లో కూర్చోలేదు. అమ్మ బతిమాలింది, నేను కాళ్లు పట్టుకున్నాను. దొంగసొత్తుతో బాగుపడిన చెయ్యి అని ఊరంతా అనుకున్నాక అది లేస్తేనేం పడితేనేం అన్నాడు. ఆ చెయ్యి మళ్లీ కొంచెం కొంచెంగా ముడుచుకుపోయింది. గ్లాసు ఎత్తిన చెయ్యి. రెండేళ్లకు పోయాడు. ఆ ఇద్దరు మనుషుల్ని నేను ఎప్పుడో క్షమించాను, వాళ్లు కూలివాళ్లు. యజమానిని మాత్రం కాదు.

తరువాత ధర్మవరం చేరాను. అక్కడ మగ్గాల ఇళ్లల్లో ఆడవాళ్లు పొద్దంతా ఒక చేత్తో రాట్నం తిప్పుతూ ఇంకో చేత్తో పట్టు పోగు పట్టుకుని కండెలు చుట్టేవాళ్లు. పాత కుట్టుమిషన్ల కాలిపలకలు తెచ్చి, కాలితో తొక్కితే తిరిగే రాట్నాలు చేసి ఇచ్చాను. రెండు చేతులూ పోగుకు మిగలడంతో అవి ఇంటింటికీ పాకాయి, నాకు కడుపు నిండింది. అయినా ప్రతి రాట్నానికీ మేకు దిగగొడుతున్నప్పుడు ఎవరి ముఖం తలుచుకునేవాడినో ఈ పాటికి మీరు గ్రహించే ఉంటారు.

ఎనభైల మొదట్లో ఒక రోజు రాట్నం బిగించడానికి పోయిన ఇంట్లో, ఆ ఇంటి కూతురు, బడిలో టీచరమ్మ, కుడి చెయ్యి మెడకు వేలాడగట్టుకుని కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి, హిందూపురంలో ఒక నర్సింగ్ హోములో బాగవుతూ బాగవుతూ, అక్కడి చెయ్యి తిప్పే యంత్రంలో భుజం గూడు తప్పిందని వాళ్లమ్మ చెప్పింది. దాని మీద ఎవరి పేరుందని అడిగితే, యజమాని పేరే చెప్పింది. నేను కోరుకున్న చెయ్యి విరగనే విరిగింది. అది ఈమెది. ఇంక లోపల దాచుకోలేక, ఆ గొలుసు సంగతి ముందే తెలిసీ నోరు మూసుకున్నానని ఆమెకు చెప్పేశాను.

ఆమె అరవలేదు. "అంటే, ఆయన మింద కోపం నా భుజం మింద తీర్చుకుంటివా అన్నా?" అంది. "నాకు జెప్పి ఏం లాభం? పోయి ఆ డాక్టరుకు జెప్పు. ఇంకా ఎంతమంది కూసుంటారో దాంట్లో. నేను గూడా వస్తా, పద."

డాక్టరు వయసైన మనిషి, నిదానస్తుడు. అంతా విని, యజమానికి కబురు పెట్టాడు. ఆసుపత్రి వరండాలో, రోగులూ వాళ్ల మనుషులూ చూస్తుండగా, ఆ యంత్రాన్ని మధ్యలో పెట్టించాడు. వీడు పాత దొంగ, అక్కసుతో చెబుతున్నాడు, నా యంత్రానికేం రోగం అన్నాడు యజమాని. సరే, మీ యంత్రమే కదా, మీరే కూర్చోండి, చెయ్యి కట్టి మధ్యలో బిగబట్టండి, ఇతను తిప్పుతాడు, అన్నాడు డాక్టరు. నేను పిడి పట్టుకుని నిలబడ్డాను. యజమాని కుర్చీ వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు, కూర్చోలేదు. తన కుడి చేతిని వీపు వెనక్కు పెట్టుకున్నాడు. ఆ నిమిషం కోసం నేను ఆరేళ్లు బతికాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు చల్లబడుతుంది.

అప్పుడు ధర్మవరం నుంచి తెచ్చిన కట్టె చక్రాల్ని దానికి బిగించి, నాయన పోయినప్పటి నుంచి దాచుకున్న ఆయన విల్లు నరాన్ని సంచిలోంచి తీసి కట్టాను. నేనే కూర్చుని చెయ్యి బిగబట్టాను, డాక్టరే తిప్పాడు. నరం జారింది. "అంతా ఎత్తుకపోయినారు గదన్నా," అన్నాను, "దీన్ని గూడా ఎత్తుకపోయింటే ఈ టీచరమ్మ చెయ్యి బాగుండు." జనం యజమాని వైపు చూశారు. టీచరమ్మ నా వైపు చూసింది. ఆ చూపు వల్ల నా గెలుపులో సగం అక్కడే కారిపోయింది.

డాక్టరు ఆ యంత్రాన్ని తిప్పి పంపేశాడు. మాట ఊరంతా పాకి, బెంగుళూరు దాకా పోయి, యజమానిని ఇంకెవరూ నమ్మి యంత్రం చేయించుకోలేదు. షీల్డును షెడ్డు గోడ మీంచి దించేశాడని విన్నాను. టీచరమ్మకు ఒకటి చేసిచ్చి, యేడాదిపాటు ప్రతి ఆదివారం పోయి నరం బిగించి వచ్చాను. ఆమె మళ్లీ నల్లబల్ల మీద రాసింది గానీ, చెయ్యి తల దాటి లేవలేదు. కొన్నేళ్లకు హిందూపురం బస్టాండులో యజమాని ఎదురుపడ్డాడు. ముసలితనం మీద పడింది. నా ముందు నిలబడి, "ఇంక సాలా అబ్బా?" అన్నాడు. "సాల్దన్నా" అన్నాను. ఆయన తల ఊపి బస్సెక్కాడు. అదే ఆఖరు చూపు. చనిపోయాడని తెలిసిన రోజు నేను పనికి సెలవు పెట్టలేదు, సంతోషించనూ లేదు. ఏదో పని సగంలో చేజారిపోయినట్టు అనిపించింది, అంతే.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, దూదేకే విల్లు ఊళ్లో లేదు, పరుపులన్నీ స్పంజివి. చెయ్యి ఆడించే యంత్రం కావాలంటే ఫోనులో వేలు పెట్టి నొక్కితే అట్టపెట్టెలో ఇంటికే వస్తుంది, నాలుగు రకాల రంగుల్లో. మంచిదే, నాయన లాంటివాళ్లు ఇప్పుడు ఒకరి దయ కోసం ఎదురు చూడనక్కరలేదు. కానీ ఆ పెట్టెలోని వస్తువును మొదట ఎవడు కలగన్నాడో, ఎవడి తల్లి పెట్టిన అన్నం తిని ఎవడు కొలతలు తీసుకుపోయాడో ఎవరికీ తెలియదు, అడిగేవాడూ లేడు. మా కాలంలో మనకు అన్యాయం చేసినవాడు మన ఊళ్లోనే ఉండేవాడు, మనం ఎక్కే బస్సే ఎక్కేవాడు, ఎదురుపడితే ఆ ముఖంలోకి చూసి చాల్దని చెప్పగలిగేవాళ్లం. ఈనాటి కుర్రవాళ్లకు తమ పనిని ఎవరైనా ఎత్తుకుపోతే, ఆ ఒక్క మాట చెప్పుకోవడానికైనా ఒక ముఖం దొరుకుతుందా అని ఆలోచిస్తుంటాను.